తొట్టినీళ్లలో పసివాడి ఆట

వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, ఇంట్లో పెద్దపిల్లలకు ఒక కొత్త ఉద్యోగం వచ్చి పడుతుంది. "కాస్త తమ్ముణ్ణి చూస్తూ ఉండరా!", "చెల్లాయిని ఆడించవే!" అని చెప్పి అమ్మ వంటింట్లోకి వెళ్లిపోతుంది. రెండేళ్ల పిల్లకు బొమ్మ ఇచ్చినా, బంతి ఇచ్చినా పది నిమిషాల్లో విసుగు పుడుతుంది. అదే ఒక వెడల్పాటి బేసినులో నాలుగు చెంబుల నీళ్లు పోసి, ఒక గ్లాసూ గరిటా చేతికిచ్చి చూడండి. గంటసేపు మిమ్మల్ని పలకరిస్తే ఒట్టు! పోసిందే పోస్తుంది, వంపిందే వంపుతుంది, అరచేత్తో నీళ్లమీద టపటపా కొట్టి కిలకిలా నవ్వుతుంది.

చూడటానికి ఇది వట్టి ఆటే. కాని ఆ బేసిను చుట్టూ మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని అధ్యాయాలు సగం తిరుగుతూ ఉంటాయి. నీళ్లు ఒంటిమీద పడితే చల్లగా ఎందుకుంటుంది? పసిపిల్లలు మనకంటే త్వరగా వేడెక్కి, మనకంటే త్వరగా ఎందుకు చల్లబడతారు? పోసిన నీళ్లనే మళ్లీ మళ్లీ పోస్తూ వాళ్లు నేర్చుకుంటున్నదేమిటి? మన మోకాలి లోతు కూడా లేని నీళ్లు వాళ్లకు ప్రాణాపాయం ఎలా అవుతాయి? పిల్లల్ని ఆడించే వాళ్లు ఈ ప్రశ్నలకు జవాబులు తెలుసుకుని తీరాలి. ఒక్కొక్కటే చూద్దాం.

చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది?

"నీళ్లు చల్లగా ఉంటాయి కనుక ఒళ్లు చల్లబడుతుంది" అని మీరు చటుక్కున చెప్పవచ్చు. అది సగం జవాబే. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, తుడుచుకోకుండా ఫ్యాను కింద నిలబడండి. నీళ్లు వెచ్చనివే అయినా ఒళ్లు జిల్లుమంటుంది. ఆ చల్లదనం నీళ్లు వెంట తెచ్చింది కాదు, నీళ్లు వెళ్లిపోతూ ఇచ్చింది!

నీటిలోని అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. కొన్ని మందకొడిగా, కొన్ని చురుకుగా కదులుతుంటాయి. ఉపరితలం దగ్గరున్న అణువుల్లో అన్నిటికంటే చురుకైనవి తోటి అణువుల ఆకర్షణను తెంచుకుని గాలిలోకి ఎగిరిపోతాయి. వేగం ఎక్కువైనవి వెళ్లిపోతే మిగిలిన వాటి సగటు వేగం తగ్గుతుంది. సగటు వేగం తగ్గడమంటే ఉష్ణోగ్రత తగ్గడమే. ఇదే బాష్పీభవనం. మట్టికుండలో నీళ్లు చల్లబడేది, వట్టివేళ్ల తడికె గుండా వచ్చే గాలి చల్లగా ఉండేది దీనివల్లనే.

ఒక గ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెంచడానికి ఒక కెలోరీ వేడి చాలు. కాని మన చర్మం ఉష్ణోగ్రత దగ్గర అదే గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కెలోరీలు కావాలి. దీన్నే గుప్తోష్ణం అంటారు. ఆ వేడి ఎక్కడి నుంచి రావాలి? దగ్గరలో ఉన్న చర్మం నుంచీ, చుట్టూ ఉన్న గాలి నుంచీ రావాలి.

బాష్పీభవనం ఎంతగా చల్లబరుస్తుందో 1758లో అమెరికా శాస్త్రజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జాన్ హాడ్లీతో కలిసి పరీక్షించాడు. ఉష్ణమాపకం బల్బును ఈథరుతో తడపడం, కొలిమితిత్తి లాంటి దానితో గాలి ఊది దాన్ని ఆవిరి చేయడం, ఆరగానే మళ్లీ తడపడం. ఇలా చేస్తూ పోగా, మామూలు గది వేడిలో ఉన్న ఉష్ణమాపకం నీరు గడ్డకట్టే స్థాయికంటే ఎంతో కిందికి దిగి, బల్బు చుట్టూ మంచు పేరుకుంది. ఈథరు నీటికంటే చాలా త్వరగా ఆవిరవుతుంది కాబట్టి ఇంత పని చేసింది. నీళ్లు అంత తొందరపడవు. అది మన అదృష్టమే!

చిన్న ఒళ్లు, పెద్ద చర్మం

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒక్కొక్క అంచు ఒక సెంటీమీటరు ఉన్న ఘనాన్ని తీసుకోండి. దాని ఆరు ముఖాల వైశాల్యం మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటరు. ఇప్పుడు అంచును రెండు సెంటీమీటర్లు చేయండి. వైశాల్యం 24, ఘనపరిమాణం 8. అంటే చిన్న ఘనంలో ప్రతి ఘన సెంటీమీటరుకూ 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటే, పెద్దదానిలో 3 మాత్రమే ఉంది. వస్తువు చిన్నదయ్యేకొద్దీ దాని పరిమాణానికి తగ్గ ఉపరితలం ఎక్కువవుతుంది. గిన్నెలోని వేడివేడి పాయసం ఎంతకూ చల్లారదు, అదే చెంచాలో తీస్తే ఇట్టే చల్లారుతుంది.

మనుషులకూ ఇదే సూత్రం. 60 కిలోల పెద్దమనిషి చర్మం వైశాల్యం సుమారు 1.65 చదరపు మీటర్లు. 12 కిలోల రెండేళ్ల బిడ్డ చర్మం సుమారు 0.54 చదరపు మీటర్లు. బరువుతో భాగించి చూడండి. పెద్దమనిషికి కిలోకు 275 చదరపు సెంటీమీటర్లు, బిడ్డకు కిలోకు 450. చర్మమే వేడి వచ్చే తలుపు, వేడి పోయే తలుపూ కూడా. బిడ్డ ఇల్లు చిన్నది, తలుపులు మాత్రం పెద్దవి.

దీని ఫలితం రెండు రకాలుగా ఉంటుంది. బయటి గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు, అంటే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఆ తలుపుల గుండా వేడి గబగబా లోపలికి వస్తుంది. పైగా చిన్నపిల్లల స్వేద గ్రంథులు ఒక్కొక్కటీ పెద్దవాళ్ల గ్రంథికంటే తక్కువ చెమటే పోస్తాయి. చెమట తక్కువైతే బాష్పీభవనమూ తక్కువే. అందుకే పసిపిల్లలకు వడదెబ్బ త్వరగా తగులుతుంది. పైనుంచి మనం చల్లే నీళ్లు ఆ చెమట లోటును తీరుస్తాయి. నీళ్ల ఆట వాళ్లకు అంత హాయినివ్వడానికి కారణం ఇదే.

రెండో వైపు కూడా చూడాలి. మనిషి శరీరం ఒక కిలో ఒక డిగ్రీ చల్లబడాలంటే సుమారు 830 కెలోరీలు పోవాలి. 12 కిలోల బిడ్డకు ఇది దాదాపు 10,000 కెలోరీలు. పావుగంట క్రితం చెప్పుకున్న అంకె గుర్తు తెచ్చుకోండి. గ్రాముకు 580. అంటే వేడంతా ఒంటి నుంచే వచ్చిందనుకుంటే, 17 గ్రాముల నీరు, అంటే మూడున్నర చెంచాలు, ఆవిరైతే చాలు! నిజానికి కొంత వేడి గాలి నుంచి వస్తుంది, శరీరం తనంతట తానూ వేడి పుట్టిస్తూ ఉంటుంది. కాబట్టి అంతగా చల్లబడదు. కాని అదే 60 కిలోల మనిషికి 86 గ్రాములు కావాలి. తడిసిన పసిబిడ్డ గాలి తగలగానే మనకంటే ఎంత తొందరగా వణుకుతుందో ఈ లెక్కే చెబుతుంది.

రెంటచింతల ఎండ, విశాఖ ఉక్క

బాష్పీభవనం అన్నిచోట్లా ఒకేలా జరగదు. గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండుగా ఉంటే కొత్త అణువులకు చోటు తక్కువ. ఎగిరిపోయిన వాటిలో చాలా అణువులు తిరిగి నీటిలోకే వచ్చి పడతాయి. అందుకే సముద్రతీరంలో చెమట ఆరదు, జిడ్డుగా ఒంటికి అంటుకుని ఉంటుంది.

దీన్ని మీరే కొలవవచ్చు. ఒకే రకం ఉష్ణమాపకాలు రెండు తీసుకోండి. బడి ప్రయోగశాలలో దొరుకుతాయి. ఒకదాని బల్బుకు పలచని గుడ్డ చుట్టి, గుడ్డ కొసను చిన్న గిన్నెడు నీళ్లలో వేలాడనివ్వండి. రెండోదాన్ని పొడిగానే ఉంచండి. రెంటినీ నీడలో పక్కపక్కన పెట్టి విసనకర్రతో విసరండి. పది నిమిషాల తరువాత చూస్తే తడి బల్బు తక్కువ ఉష్ణోగ్రత చూపిస్తుంది. ఆ తేడా ఎంత ఎక్కువైతే గాలి అంత పొడిగా ఉన్నట్టు. వాతావరణ కేంద్రాల్లో గాలిలోని తేమను కొలవడానికి ఏళ్ల తరబడి వాడుతున్న పద్ధతి ఇదే.

ఎండలకు పేరుపడ్డ పల్నాటి రెంటచింతలలో ఒక మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. అక్కడ తడి బల్బు దాదాపు 24 డిగ్రీల దాకా దిగుతుంది. విశాఖపట్నంలో అదే రోజు 35 డిగ్రీలే, కాని తేమ 70 శాతం అనుకుందాం. అక్కడ తడి బల్బు 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చూశారా! వేడి తక్కువ ఉన్న ఊళ్లోనే తడిగుడ్డ తక్కువ చల్లబడింది. హైదరాబాదులో పనికొచ్చే ఎయిర్ కూలరు కాకినాడలో ఉక్కపోతను మరింత పెంచేది ఇందువల్లనే.

కనుక తెలంగాణలోనో, రాయలసీమలోనో పొడిగాలి వీచే ఊళ్లలో పిల్లలకు ఒళ్లు తడిపి నీడలో వదిలితే చాలు, చల్లబడతారు. అక్కడ జాగ్రత్త పడవలసింది అతిగా చల్లబడకుండా. తీరప్రాంతంలో తడిపినంత మాత్రాన చాలదు. గాలి ఆడే చోట కూర్చోబెట్టాలి, లేదా నీళ్లలోనే కాసేపు ఉంచాలి.

నీళ్లలో కూర్చుంటే

నీళ్లలో కూర్చున్నప్పుడు జరిగేది బాష్పీభవనం కాదు, ఉష్ణవహనం. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. చర్మానికి ఆనుకున్న నీటిపొర వెచ్చబడి పక్కకు జరిగితే, ఆ చోటికి చల్లని నీరు వస్తుంది. అది మళ్లీ వేడిని తీసుకుంటుంది. 28 డిగ్రీల గాలిలో రోజంతా కూర్చున్నా మనకు చలి వేయదు. 28 డిగ్రీల నీటిలో అరగంట కూర్చుంటే వేళ్ల చివర్లు ముడుతలు పడి, పళ్లు టకటకలాడవచ్చు.

బిడ్డకు చలి వేస్తున్నట్టు మనకెలా తెలుస్తుంది? నోరు విప్పి చెప్పే వయసు కాదు. చెప్పే వయసు వచ్చినా, ఆట మానాల్సి వస్తుందని చెప్పరు! పెదవులు నీలంగా మారినా, ఒళ్లు గగుర్పొడిచినా, గడ్డం వణికినా వెంటనే బయటికి తీసి, పొడిగుడ్డతో తుడిచి ఆరిన బట్టలు వేయాలి. ఎండ ఎంత మండుతున్నా సరే, ఈ సూత్రానికి మినహాయింపు లేదు.

నీరు వేడిగా ఉండే ప్రమాదం కూడా ఉంది. మిద్దెమీది నల్లరంగు ట్యాంకు, పెరట్లో ఎండలో పడి ఉన్న రబ్బరు గొట్టం సూర్యరశ్మిని బాగా పీల్చుకుంటాయి. మధ్యాహ్నం కొళాయి తిప్పగానే మొదట వచ్చే నీళ్లు, ఆ గొట్టంలో నిలిచి కాగినవి. 60 డిగ్రీల నీరు పసిచర్మాన్ని కొన్ని సెకన్లలోనే కాల్చేస్తుంది, ఎందుకంటే వాళ్ల చర్మం మనదానికంటే పలచన. అందుకని గొట్టాన్ని ఎప్పుడూ నేరుగా బిడ్డమీదికి తిప్పకూడదు. ముందు కాసిని నీళ్లు మొక్కలకు వదిలి, తరువాత బేసినులో పట్టి, మీ మోచేతితో తాకి చూడాలి. ఎండకు కాలిన సిమెంటు గచ్చు కూడా అంతే. నీడలో ఉన్న గచ్చునే ఎంచుకోండి. వేపచెట్టు కింద అయితే మరీ మంచిది. ఆకుల నుంచి జరిగే బాష్పోత్సేకం వల్ల చెట్టు తన నీడను తానే చల్లబరుస్తుంది.

ఆటా? ప్రయోగమా?

పొడుగాటి గ్లాసులో ఉన్న నీళ్లను వెడల్పాటి గిన్నెలో పోస్తే నీళ్లు తగ్గుతాయా? "ఎందుకు తగ్గుతాయి?" అని మీరు నవ్వుతారు. కాని నాలుగైదేళ్ల పిల్లల్ని అడిగి చూడండి. ఒకే రకం గ్లాసులు రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, "రెండూ సమానమేనా?" అని అడగండి. అవునంటారు. వాళ్ల కళ్లముందే ఒక గ్లాసు నీళ్లను సన్నగా పొడుగ్గా ఉన్న మరో గ్లాసులోకి వంపి, "ఇప్పుడు దేనిలో ఎక్కువ?" అని అడగండి. చాలామంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. స్విట్జర్లాండుకు చెందిన జీన్ పియాజే (1896–1980) ఈ ప్రయోగంతో పిల్లల ఆలోచన ఎలా పెరుగుతుందో చూపించాడు. పాత్ర మారినా నీరు మారదన్న సంగతి పిల్లలకు సుమారు ఏడేళ్ల వయసులో గాని స్థిరపడదని ఆయన గమనించాడు.

రెండేళ్ల పిల్ల గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి వందసార్లు పోయడం వృథా కాదు. నిండితే పొంగుతుందని, వంచితే ఒలుకుతుందని, చిల్లుంటే నిలవదని, గుప్పిట్లో పడితే జారిపోతుందని ఆ చేతులు నేర్చుకుంటున్నాయి. మాటల్లో చెప్పడానికి ముందే వేళ్లకు తెలిసే విజ్ఞానం అది.

మీరు పక్కన కూర్చుని ఈ ప్రయోగాలు చేసి చూపిస్తే ఇద్దరికీ కాలక్షేపం.

ఖాళీ పాలడబ్బా అడుగున మేకుతో సన్నని చిల్లులు నాలుగైదు పొడవండి. అంచులు గీరుకోకుండా రాయితో నలగ్గొట్టండి. నీళ్లు నింపి ఎత్తితే చిటపట వాన! ఇప్పుడు డబ్బా మూతిని అరచేత్తో గట్టిగా మూయండి. వాన ఆగిపోతుంది. చెయ్యి తీస్తే మళ్లీ మొదలవుతుంది. మూతి మూసినప్పుడు పైనుంచి గాలి లోపలికి రాలేదు, కిందినుంచి వాతావరణ పీడనం నీటిని ఆపుతుంది, సన్నని చిల్లుల దగ్గర తలతన్యత దానికి సాయపడుతుంది.

మరో డబ్బాకు పక్కన మూడు చిల్లులు పెట్టండి. ఒకటి పావు ఎత్తులో, ఒకటి సగంలో, ఒకటి ముప్పావు ఎత్తులో. నీళ్లు నిండుగా ఉండేలా పోస్తూ, డబ్బాను నేలమీదే ఉంచితే ఏ ధార దూరంగా పడుతుంది? "అడుగుది" అని చాలామంది అంటారు. అడుగున పీడనం ఎక్కువ, కనుక ఆ ధార అన్నిటికంటే వేగంగా బయటికి వస్తుంది. ఆ మాట నిజమే. కాని అది నేలకు దగ్గర కావడంతో దూరం పోయే వ్యవధి లేక త్వరగా నేలపాలవుతుంది. దూరం వెళ్లేది నడిమి ధార! మిగిలిన రెండూ దాదాపు ఒకేచోట పడతాయి. డబ్బాను ఎత్తైన పీటమీద పెట్టండి. ఇప్పుడు అడుగు ధారకే గెలుపు. ఈ ధారల వేగానికి సూత్రం కనిపెట్టినవాడు ఇటలీ శాస్త్రజ్ఞుడు టోరిచెల్లి. 1644లో ఆయన దాన్ని ప్రచురించాడు.

కొబ్బరిచిప్ప, వేపపుల్ల, గులకరాయి, స్టీలు గిన్నె, కమలాపండు ఒక్కొక్కటే నీళ్లలో వేయించండి. వేసేముందు "మునుగుతుందా, తేలుతుందా?" అని అడగండి. స్టీలు గరిట మునిగితే స్టీలు గిన్నె తేలుతుంది. తొక్కతో ఉన్న కమలాపండు తేలుతుంది, తొక్క ఒలిస్తే మునుగుతుంది. తొక్కలో చిక్కుకున్న గాలే తేడా. నీటిలో వేసే వస్తువులు మాత్రం బిడ్డ నోట్లో పట్టేంత చిన్నవి కాకుండా చూడండి. చింతగింజలు, గోళీలు, నాణేలు పనికిరావు. గొంతుకు అడ్డం పడతాయి. గులకరాయి కూడా గుప్పెడంతది ఉండాలి.

జానెడు నీళ్లూ లోతే

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. రెండంగుళాల నీటిలో కూడా పసిబిడ్డ మునిగిపోగలడు. ముక్కూ నోరూ మునిగేంత నీరుంటే చాలు. "ఇంతోటి నీళ్లలో ఏమవుతుంది?" అనే మాటే ఎన్నో ఇళ్లను ఏడిపించింది.

ఎందుకిలా జరుగుతుంది? పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. రెండేళ్లకు అది ఐదో వంతు అవుతుంది. పెద్దవాళ్లలో సుమారు ఎనిమిదో వంతే. అంటే పసివాళ్లలో బరువు పైభాగంలో ఎక్కువ. గురుత్వ కేంద్రం ఎత్తుగా ఉంటుంది, కాళ్లు పొట్టి, పట్టు తక్కువ. ఇప్పుడు ఒక బకెట్టు ఊహించుకోండి. దాని అంచు బిడ్డ తుంటి ఎత్తుకు వస్తుంది. లోపల తేలుతున్న మగ్గు కోసం బిడ్డ వంగింది. తల, భుజాలు, చేతులు అంచు దాటి ముందుకు వెళ్లాయి. ఆ భాగం బరువు కాళ్ల బరువును మించగానే త్రాసులో ముల్లు మొగ్గినట్టు శరీరం ముందుకు తిరగబడుతుంది. పాదాలు నేలను వదులుతాయి. బకెట్టు ఖాళీదైతే బిడ్డతోపాటు అదీ పక్కకు పడిపోయేది. కాని నిండు బకెట్టు 20 కిలోలు, బిడ్డ 12 కిలోలు. బకెట్టు కదలదు. తలకిందులైన బిడ్డకు తలను పైకెత్తే బలం మెడలో ఉండదు.

అరుస్తుంది కదా, వినిపిస్తుంది కదా అనుకోకండి. అరవాలంటే ఊపిరి కావాలి. నోరు నీటిలో ఉన్నవాళ్లు అరవలేరు. నీట మునగడం చాలావరకు చప్పుడు లేకుండానే జరిగిపోతుంది. ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడుకు తిరిగి సరిచేయలేని నష్టం మొదలవుతుంది. సెల్‌ఫోనులో ఒక మాట మాట్లాడి వచ్చేటంత వ్యవధి అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన అంచనా ప్రకారం 2021లో ప్రపంచం మొత్తంమీద సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు. 2021 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి జూలై 25ను నీటి ముంపు మరణాల నివారణ దినంగా నిర్ణయించింది.

దీనికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదని బంగ్లాదేశ్ పల్లెలు చూపించాయి. అక్కడ ఇంటి వెనుకే చెరువు ఉంటుంది. పిల్లలు ఎక్కువగా మునిగిపోయేది ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట లోపల, అంటే తల్లులు వంటలోనూ, పొలం పనిలోనూ తలమునకలై ఉండే వేళలో. అందుకని ఆ గంటల్లో పిల్లల్ని ఒకచోట చేర్చి కనిపెట్టుకుని ఉండే కేంద్రాలు ఊరూరా పెట్టారు. వాటి పేరు "ఆంచల్", అంటే చీరచెంగు. అవి ఉన్నచోట పిల్లల మునక మరణాలు బాగా తగ్గాయి. అక్కడ ప్రాణాలు కాపాడింది పిల్లలమీద చూపు మరల్చని ఒక మనిషి. సెలవుల్లో మీ ఇంట్లో ఆ మనిషి మీరే.

ఆడించేవాళ్లు చేయవలసినవి

1. చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే కూర్చోండి. వరండాలో కూర్చుని చూడటం చూడటం కాదు.

2. ఎవరో పిలిచారనో, గేటు చప్పుడైందనో లేవాల్సి వస్తే బిడ్డను చంకనేసుకుని వెళ్లండి. "అక్కా, ఒక్క నిమిషం చూడవా" అని మరొకరికి అప్పగిస్తే, "ఆ, చూస్తున్నా" అని వాళ్ల నోటివెంట వచ్చాకే కదలండి. ఇద్దరూ చూస్తున్నారనుకుని ఎవరూ చూడకపోవడమే చాలా ప్రమాదాలకు మూలం.

3. లోతైన బకెట్టు వద్దు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న బేసినే వాడండి. నీళ్లు కూర్చున్న బిడ్డ చీలమండలు దాటకూడదు.

4. పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో ఆట వద్దు. ఉదయమో, సాయంత్రమో నీడలో ఆడించండి. మధ్యమధ్య తాగడానికి మంచినీళ్లు ఇవ్వండి. నీళ్లలో ఉన్నా దాహం వేస్తుంది.

5. ఆడే నీళ్లు తాగే నీళ్లంత శుభ్రంగా ఉండాలి. ఎందుకంటే వద్దన్నా వాళ్లు తాగుతారు! విరేచనాలు అవుతున్న బిడ్డను మిగతా పిల్లలతో కలిపి నీళ్లలో ఆడనివ్వకూడదు.

6. ఇంట్లో సంపు మూత, బావి చప్టా, సిమెంటు గాబు, స్నానాలగది తలుపు ఒకసారి తిరిగి చూసుకోండి. మూతలేని సంపు ఉంటే ఈ రోజే పెద్దవాళ్లకు చెప్పి వేయించండి.

పొరపాటున బిడ్డ నీటిలో పడితే వెంటనే బయటికి తీసి, కేకవేసి పెద్దవాళ్లను పిలిచి, 108కి ఫోను చేయించండి. తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయరాదు. బిడ్డకు కావలసింది ఊపిరి. ఈ పనులతో విలువైన నిమిషాలు పోతాయి, కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. నోటితో ఊపిరి ఊదడం, గుండెమీద నొక్కడం ఎలాగో శిక్షణ పొందినవాళ్ల దగ్గర ముందే నేర్చుకోవాలి. మీ బడికి ఒకసారి డాక్టరునో, నర్సునో పిలిపించి బొమ్మమీద చేసి చూపించమని మీ సైన్సు మాస్టారిని అడగండి.

ఆట అయ్యాక

బిడ్డను తుడిచి లోపలికి తీసుకెళ్లాక బేసిను అలాగే వదిలేయకండి. దానికి రెండు కారణాలు. మీరు లోపల ఉండగా బిడ్డ మళ్లీ దాని దగ్గరికి నడిచి రావచ్చు. ఇక రెండోది, డెంగీ జ్వరాన్ని మోసే ఏడిస్ దోమ మురుగులో కాదు, ఇలాంటి నిలవ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. వేసవి వెచ్చదనంలో వారం పదిరోజుల్లో ఆ గుడ్లు రెక్కలొచ్చిన దోమలవుతాయి. ఈ దోమ పగటిపూట కుడుతుంది, అంటే పిల్లలు ఆడుకునే వేళలోనే.

నాలుగు చెంబుల నీళ్లను వృథా చేయనక్కర్లేదు. బిడ్డ చేతనే గ్లాసుతో ముంచి మల్లెపాదులో పోయించండి. ఆటలో అది చివరి అంకం అనుకుంటుంది, ఏడవకుండా లేచి వస్తుంది. ఖాళీ బేసినును గోడకు బోర్లించండి. అది ఆరేలోపు బిడ్డకు అన్నం తినిపించి పడుకోబెట్టవచ్చు. నీళ్లలో ఆడిన పిల్లలు మధ్యాహ్నం హాయిగా నిద్రపోతారు. అప్పుడు మీ రెండు ఉష్ణమాపకాలు బయటికి తీసి, మీ ఊరి గాలి ఎంత పొడిగా ఉందో కొలవండి. వారంపాటు రోజూ ఒకే వేళకు కొలిచి పట్టిక రాస్తే, బిడ్డను ఏ రోజు తడిపితే చాలో, ఏ రోజు విసనకర్ర కూడా కావాలో మీకే తెలిసిపోతుంది.